వెలుగును చిత్రించిన మోనే

అనంతపురము పీఠభూమిలో పుట్టి పెరిగిన బాలబాలికలకు రాళ్లను గూర్చి వేఱుగ చెప్పబనిలేదు. గుత్తి, రాయదుర్గము, పెనుకొండ మొదలగు ఏ ఊరికి బోయినను ఒక కొండయు, దానిపై ఒక పాత కోటయు కనబడును. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ సీమలో చెట్టుచేమలు పలుచన. అందుచే కొండలు తమ రాతిని ఆకుల మాటున దాచుకొనవు. తెల్లవారుజామున గుత్తి కొండను చూచినచో అది నీలిపొగ వలె దోచును. ప్రొద్దుపొడిచిన పిమ్మట ఎఱ్ఱబారును. నడి మధ్యాహ్నమున తెల్లగ మెఱయుచు కన్నులకు మిఱుమిట్లు గొల్పును. సాయంకాలమున రాగిరంగు దాల్చి, క్రమముగ ఊదాఛాయకు దిగి, తుదకు చీకటిలో కలిసిపోవును. కొండ ఒక్కటే, దాని రంగులు మాత్రము పెక్కు. వీనిలో కొండయొక్క నిజమైన రంగు ఏది?

ఇట్టి ప్రశ్ననే జీవితమంతయు వేసికొనిన చిత్రకారుడొకడు ఫ్రాన్సు దేశమున నుండెను. ఆయన పేరు క్లోడ్ మోనే. ఆయన చిత్రములలో మిక్కిలి గంభీరమైనవి కొన్ని అట్లాంటిక్ మహాసముద్రపు అలల నడుమ నిలిచిన శిలలను చూపును. సముద్రమునకు దూరమున పెరిగిన పిల్లలు అట్టి చిత్రమును చూచి ఏమి గ్రహింపగలరని సందేహము కలుగవచ్చును. సగము తప్పక గ్రహింపగలరు. ఏలయన రాయియు, రాతిపై మారుచుండు వెలుగును వారికి చిన్ననాటి చుట్టములే. తక్కిన సగమును తెలిసికొనుటకు ఆ చిత్రకారుని జీవితము తోడ్పడును.

క్లోడ్ మోనే 1840వ సంవత్సరము నవంబరు 14వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. ఆయనకు అయిదేండ్లు వచ్చునప్పటికి తలిదండ్రులు లె హావ్ర్ అను ఓడరేవు పట్టణమునకు కాపురము మార్చిరి. తండ్రి అచ్చట సరకుల వర్తకము చేయుచు, కుమారుడును తన వ్యాపారమునే సాగించునని ఆశించెను. కాని బాలునకు బడి నాలుగు గోడలు చెఱసాలగ తోచుచుండెను. అతని మనస్సు ఎల్లప్పుడును సముద్రతీరమునందే తిరుగుచుండెను. బడిలో కూర్చున్నంతసేపును అతడు పుస్తకముల అంచులపై ఉపాధ్యాయుల వికటరూపములను గీయుచుండెను. ఆ విద్య క్రమముగ ముదిరి, పదునాఱేండ్ల ప్రాయమునాటికే పట్టణమునందలి పెద్దమనుష్యుల వ్యంగ్యచిత్రములను గీసి, ఒక్కొక్కదానిని 10, 20 ఫ్రాంకులకు అమ్మునంతటివాడయ్యెను. పటములు కట్టు ఒక అంగడివాడు ఆ బొమ్మలను తన గవాక్షమున ప్రదర్శించుచుండెను.

ఆ అంగడిలోనే యూజేన్ బూదాన్ అను చిత్రకారుని సముద్ర దృశ్యములును ఉండెను. మొదట మోనేకు అవి ఏమాత్రమును నచ్చలేదు. అయినను బూదాన్ ఆ బాలుని చేతినేర్పును గుర్తించి, తనతో ఆరుబయటికి వచ్చి చిత్రింపుమని పలుమారులు కోరెను. ఎట్టకేలకు మోనే అంగీకరించెను. గురువు పొలము నడుమ కూర్చుండి, ఎదుటనున్న ఆకాశమును, మేఘములను, నీటిని చూచుచు అప్పటికప్పుడే రంగులు వేయుట శిష్యుడు చూచెను. ఆనాటితో తన కన్నులపై కప్పియున్న తెర తొలగిపోయినట్లు ఆయన వృద్ధాప్యమునందును చెప్పుకొనుచుండెను.

ఆరుబయట చిత్రించుటకు ఆ కాలమున ఒక క్రొత్త సౌకర్యము తోడ్పడెను. పూర్వము చిత్రకారులు రంగులను నూఱి, నూనెలో కలిపి, చిన్న తిత్తులలో కట్టి దాచుకొనెడివారు. వానిని వెంట గొనిపోవుట కష్టము. 1841లో జాన్ రాండ్ అను అమెరికా చిత్రకారుడు రంగులను నింపుటకు తగరపు గొట్టములను కనిపెట్టెను. ఆ గొట్టములను సంచిలో వేసికొని చిత్రకారుడు కొండలకును, సముద్రతీరమునకును పోగలిగెను. ఒక చిన్న వస్తువు ఒక గొప్ప మార్పునకు దారి తీయుట చరిత్రలో పలుమారులు జరిగినదే కదా!

మోనే 1859లో పారిస్ చేరెను. తండ్రి కోరినట్లు ప్రభుత్వ కళాశాలలో చేరలేదు. 1861లో సైన్యమున చేరి అల్జీరియాకు పోయి, జబ్బుపడి మఱుసటి ఏడు తిరిగి వచ్చెను. పిమ్మట గ్లేర్ అను చిత్రకారుని శిక్షణశాలలో రెన్వార్, సిస్లే, బాజీల్ అను యువకులతో స్నేహము కుదిరెను. ఆ దినములలో ఒక చిత్రకారునకు పేరును, అన్నమును దొరకవలెనన్నచో సలోన్ అను ప్రభుత్వ ప్రదర్శనమున చోటు లభింపవలెను. అచ్చటి న్యాయనిర్ణేతలకు పురాణ గాథలు, యుద్ధ ఘట్టములు, నున్నగ తీర్చిన బొమ్మలు ప్రియము. వారు మోనే చిత్రములను కొన్నింటిని అంగీకరించినను, 1867లోను, ఆపై మఱి కొన్ని మారులును త్రోసిపుచ్చిరి. ఆయనకు అప్పులు పెరిగెను. భార్య కమీల్, పసివాడైన కుమారుడు జాన్ ఇంట నుండగా, పొయ్యిలోనికి బొగ్గు లేని దినములును, రంగులు కొనుటకు డబ్బు లేని దినములును గడచెను.

1870లో ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము రాగా మోనే లండనునకు వెడలిపోయెను. తిరిగి వచ్చిన పిమ్మట, 1872లో, లె హావ్ర్ రేవునందు మంచు కమ్మిన ఉదయమును ఒకదానిని చిత్రించెను. అందు ఓడలు నీలి నీడలవలె కనబడును. ఎఱ్ఱని సూర్యబింబము ఒక్కటియే స్పష్టము. దానికి ఆయన ఇంప్రెషన్ అను మాటతో పేరు పెట్టెను. ఆ మాటకు మనస్సుపై పడిన ముద్రయని అర్థము. 1874లో మోనేయు, ఆయన మిత్రులును సలోనుతో పనిలేక పారిస్‌లో తామే ఒక ప్రదర్శనము ఏర్పాటు చేసిరి. లూయీ లెరువా అను పత్రికా రచయిత ఆ చిత్రములు పూర్తి కానివని పరిహసించుచు, ఆ పేరునే పట్టుకొని వారినందఱిని ఇంప్రెషనిస్టులని ఎగతాళి చేసెను. ఎగతాళికి పెట్టిన పేరే కాలక్రమమున గౌరవనామమయ్యెను.

గౌరవము వచ్చుటకు ముందు దుఃఖము వచ్చెను. 1879లో కమీల్ దీర్ఘవ్యాధితో మరణించెను. అప్పటికి రెండవ కుమారునకు రెండేండ్లయినను నిండలేదు. మోనే ఆమె తుది రూపమును చిత్రించెను. ఆ వేదనలోనే తన కన్నులు ఆమె ముఖముపై మారుచున్న నీలి, పసుపు, బూడిద వన్నెలను తమంతట తామే లెక్కించుచుండుట గమనించి తాను కలవరపడితినని ఆయన పెక్కేండ్ల పిమ్మట మిత్రునితో చెప్పుకొనెను. చూచుట ఆయనకు వృత్తి మాత్రమే కాదు. విడువవలెనన్నను విడువరాని స్వభావము.

1883లో ఆయన జివెర్నీ అను పల్లెలో కాపురము పెట్టెను. అయినను సముద్రము ఆయనను పిలుచుచునే యుండెను. 1885 నవంబరులో ఎత్రెతా అను చోట కొండచరియ క్రింద కూర్చుండి చిత్రించుచు, సముద్రపు పోటు వేళను పొరపాటుగ లెక్కించెను. అకస్మాత్తుగ ఒక పెద్ద అల వచ్చి ఆయనను రాతికి విసరికొట్టి, వెనుకకు లాగికొనిపోయెను. ఎట్లో చేతులు, కాళ్లు ఆనించి ప్రాణము దక్కించుకొనెను. చిత్రమును, రంగుల పలకను, చిత్రము నిలుపు కొయ్యను సముద్రము మింగివేసెను.

ఇంత జరిగినను మఱుసటి సంవత్సరము, 1886 సెప్టెంబరులో, ఆయన అంతకంటె భయంకరమైన తీరమునకు పోయెను. అది ఫ్రాన్సునకు పశ్చిమమున అట్లాంటిక్ మహాసముద్రమున నున్న బెల్ ఈల్ అను ద్వీపము. దాని పొడవు సుమారు 17 కిలోమీటర్లు. దాని పశ్చిమ తీరమునకు అడవితీరమను అర్థము గల పేరు కలదు. మహాసముద్రపు అలలు ఏ అడ్డును లేక వచ్చి అచ్చటి నల్లని శిలలను ఢీకొనుచుండును. వేలయేండ్లుగ ఆ తాకిడికి కోతపడి, కొన్ని శిలలు సూదులవలె, కొన్ని గోపురములవలె నీటినుండి లేచి నిలిచియున్నవి.

మోనే అచ్చట పది పండ్రెండు దినములుండి రావలెనని బయలుదేరెను. కాని రెండు నెలలకు పైగా నిలిచిపోయెను. అప్పటికి ఆయనకు నలువదియారవ యేడు సమీపించుచుండెను. సముద్రమును చిత్రించుటలో చేయితిరిగినవాడు. అయినను చిన్ననాటినుండి ఎఱిగిన నార్మండీ తీరపు తెల్లని సుద్దకొండలు వేఱు, ఈ చీకటి శిలలు వేఱు. తనకు అలవాటైన పద్ధతులు ఇచ్చట పనికిరావని ఆయన గ్రహించి, విద్యార్థివలె మరల మొదటినుండి ఆరంభించెను. గాలివానలు మొదలైనను పని మానలేదు. చిత్రము నిలుపు కొయ్య ఎగిరిపోకుండ త్రాళ్లతో కట్టి, రాళ్లు వ్రేలాడదీసి, వర్షమున తడియుచు చిత్రించెను. పోలీ అను ముద్దుపేరు గల ఒక జాలరి ఆయన సామానులను మోసికొని కొండచరియలవెంట తోడు నడచెను. ఆ ఉపకారమునకు గుర్తుగ మోనే అతని రూపమును గూడ చిత్రించెను. ఆ ద్వీపమునుండి తిరిగి వచ్చునప్పటికి సుమారు 40 చిత్రములు ఆయనవద్ద ఉండెను.

వానిలో ఒకటి నేడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియమునందు కలదు. అది సుమారు 65 సెంటీమీటర్ల ఎత్తును, 81 సెంటీమీటర్ల వెడల్పును గల చిన్న చిత్రము. అందు సముద్రమును, శిలలను తప్ప వేఱొకటి లేదు. పడవ లేదు, జాలరి లేడు, ఇసుక తీరము లేదు. ఆకాశమునకు దక్కినది పైయంచున ఒక సన్నని పట్టీ మాత్రమే. మొదటిసారి చూచువారు ఇందేమున్నదని ముందుకు సాగిపోవచ్చును. ఒక్క నిమిషము నిలిచి చూచినవారికి చిత్రము మాటలాడ నారంభించును.

మొదట, మనము నిలిచిన చోటు ఏదియో గమనింపవలెను. దిగంతరేఖ చిత్రమున మిక్కిలి పైన నున్నది. కావున చిత్రకారుడు ఎత్తైన కొండచరియపై నిలిచి క్రిందికి చూచుచున్నాడు. మన పాదముల ముందు నేల చూపబడలేదు. అందుచే మనమును అంచుననే నిలిచినట్లు గుండె ఒకింత జలదరించును. రెండవది, కుంచె నడచిన తీరు. శిలలపై రంగు మందముగ, మొఱటుగ, పైనుండి క్రిందికి దిగినట్లున్నది. నీటిపై చిన్న చిన్న వంపులుగ పరుగెత్తుచున్నది. దగ్గరనుండి చూచినచో అవి వట్టి రంగు మరకలు. నాలుగడుగులు వెనుకకు వేసినచో రాయి రాయిగ నిలుచును, నీరు నీరుగ కదలును. కంటికి అందిన మరకలను కూర్చి అలగ మార్చు పని చూచువాని మనస్సే చేయును.

మూడవది రంగు. నల్లనివని మనము చెప్పుకొనిన శిలలలో వట్టి నలుపు కొఱకు వెదకినచో దొరకుట కష్టము. ఊదా, ముదురు ఆకుపచ్చ, గోధుమ, నీలము కలిసి అచ్చట నల్లదనమును కల్పించుచున్నవి. ఒక రంగు ప్రక్కన దాని ఎదురు రంగును ఉంచినచో రెండును మఱింత ప్రకాశించునని షెవ్రోల్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1839లోనే నిరూపించెను. ఎండ పసుపుగ నున్నచో నీడ ఊదాగ దోచుట ఇందువలననే. నురుగు కూడ వట్టి తెలుపు కాదు. అందు ఆకాశపు నీలమును, శిలల ఛాయయు కలవు.

ఈ చిత్రమునకు అర్థమేమి? కదలని శిలకును నిలువని నీటికిని జరుగు పోరాటమని ఒకరు చెప్పవచ్చును. మనుష్యుడు లేని చోటి ఏకాంతమని మఱియొకరు చెప్పవచ్చును. మనుష్యులు లేరు కనుక ఏకాంతమని చెప్పువాడు చిత్రమునుండియే సాక్ష్యము చూపుచున్నాడు. కుంచె గీతల దిక్కులను చూపి పోరాటమని చెప్పువాడును అంతే. ఇది యొక ఓడ మునిగిన చోటని చెప్పువానికి మాత్రము చూపుటకు ఏమియు లేదు. చిత్రమును పెక్కు విధముల చెప్పవచ్చును. కాని చెప్పిన మాటకు చిత్రమునందు వ్రేలు పెట్టి చూపగల చోటు ఉండవలెను. ఇది చిత్రములను చదువువారికి మొదటి నియమము.

మన సీమలోనే యున్న లేపాక్షి వీరభద్రాలయపు కప్పుపై 16వ శతాబ్దమునాటి చిత్రములను చూచినవారికి ఈ భేదము చక్కగ తెలియును. అచ్చటి చిత్రకారుడు గీతను నమ్మెను. ప్రతి రూపమునకును స్పష్టమైన అంచు గీచి, లోపల చదునుగ రంగు నింపెను. అచ్చట ఉదయమును లేదు, సాయంకాలమును లేదు. దేవతల కథకు వేళతో పనియేమి? మోనే గీతను విడిచి వేళను పట్టుకొనెను. రెండును చూచుటలో రెండు మార్గములు. ఒకదానిని ఒప్పుకొనుటకు రెండవదానిని తక్కువ చేయబనిలేదు.

వేళను పట్టుకొనుట సులభము కాదు. వెలుగు కొద్ది నిమిషములలో మారిపోవును. అందుచే మోనే ఒకేసారి పెక్కు కాన్వాసులను వెంట గొనిపోయి, వెలుగు మారినప్పుడెల్ల ఒకదానిని ప్రక్కనబెట్టి వేఱొకదానిని తీయుచుండెను. మఱునాడు అదే వేళకు అదే వెలుగు వచ్చినచో మొదటిదానిని కొనసాగించెడివాడు. బెల్ ఈల్‌లో ఒకే శిలలను మరల మరల చిత్రించిన ఈ అలవాటే తరువాత గొప్ప పద్ధతియయ్యెను. 1890, 1891 సంవత్సరములలో ఆయన తన ఇంటి ప్రక్క పొలములోని వాములను సుమారు 25 చిత్రములలో చూపెను. వాము అదే, ఎండలో ఒకటి, మంచులో ఒకటి, సంధ్యలో ఒకటి. ఆ పిమ్మట రువాన్ పట్టణపు చర్చి ముఖభాగమును 30 మారులు చిత్రించెను. ఒకప్పుడు నవ్విన పారిస్ ఇప్పుడు ఆయన చిత్రములను పోటీపడి కొనెను.

కన్నులనే నమ్ముకొనిన ఆయనకు తుదకు కన్నులే పరీక్ష పెట్టెను. 1912లో వైద్యులు ఆయనకు శుక్లములు ఏర్పడినవని చెప్పిరి. లోకమంతయు మబ్బుగ, ఎఱుపు, గోధుమ ఛాయలలో కనబడజొచ్చెను. ఏ రంగు ఏదియో కంటికి తెలియక, గొట్టములపై వ్రాసిన పేర్లను బట్టియు, పలకపై వానిని పెట్టిన వరుసను బట్టియు చిత్రించుచుండెను. శస్త్రచికిత్సకు చాలకాలము భయపడి, తుదకు 1923లో కుడికంటికి చేయించుకొనెను. అటుపిమ్మట అంతయు నీలముగ కనబడుచున్నదని బాధపడెను. రంగుటద్దములు ధరించి క్రమముగ కుదుటపడెను. ఈ కష్టముల నడుమనే తన తోటలోని కలువల కొలనును పెద్ద పెద్ద కాన్వాసులపై చిత్రించెను. మొదటి ప్రపంచయుద్ధము 1918 నవంబరు 11న ముగియగా, ఆ మఱునాడే తన చిత్రములలో రెండింటిని దేశమునకు కానుకగ నిత్తునని ప్రధానమంత్రియు తన మిత్రుడును నగు క్లెమాన్సోకు వ్రాసెను. ఆ కానుక క్రమముగ పెరిగి పెద్దదయ్యెను.

మోనే 1926 డిసెంబరు 5వ తేదీన, 86 ఏండ్ల ప్రాయమున, జివెర్నీలో కన్నుమూసెను. మఱుసటి సంవత్సరము ఆ కలువల చిత్రములు పారిస్‌లోని ఒరాంజెరీయందు రెండు అండాకారపు గదులలో ప్రజలకు చూపబడెను. అవి నేటికిని అచ్చటనే కలవు.

బాలబాలికలారా! మోనే చిత్రములను చూచుటకు మీరు పారిస్ పోజాలకపోవచ్చును. కాని ఆయన చేసిన పనిని మీ ఊరినుండియే చేయవచ్చును. ఒక సెలవుదినమున ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము ఒకే చోట నిలిచి ఒకే కొండను చూడుడు. ప్రతిసారియు మీకు కనబడిన రంగులను, మీకు తెలిసియున్న రంగులను గాక కనబడిన రంగులనే, ఒక కాగితముపై వ్రాసికొనుడు. మూడు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చదివికొనుడు. అటుపిమ్మట గుత్తి కొండ రంగు ఏదియని ఎవరైన మిమ్మడిగినచో, మీరు వెంటనే బదులు చెప్పరు. ఏ వేళనని ముందుగ వారిని అడుగుదురు.